ఇంట గెలిచిన గుర్రం ఎంత గొప్పది? తరచుగా అడిగే ప్రశ్నలు

రేసు గుర్రాల పిచ్చి ఉన్నవాళ్లు ఏ నలుగురు కలిసినా ఈ గొడవ ఒకటి తప్పదు. ఒక గుర్రం దిగిన ప్రతి రేసూ గెలిచింది, కానీ సొంత రాష్ట్రమో సొంత దేశమో దాటి వెళ్లలేదు. దాన్ని ఏ వరసలో కూర్చోబెట్టాలి? ఒకరు "ఓడితే కదా వంక పెట్టడానికి" అంటారు. ఇంకొకరు చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ గొడవ తెగదు. మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు ఇవి.

ఒక్కసారి కూడా ఓడలేదంటే గొప్ప గుర్రమనే కదా?

మంచి గుర్రమని మాత్రం కళ్లు మూసుకుని చెప్పొచ్చు. రేసుల్లో ఫేవరెట్, అంటే జనం ఎక్కువగా పందెం కాసిన గుర్రం, గెలిచేది సుమారుగా మూడింట ఒకసారే. గుర్రానికి ఒక రోజు ఒంట్లో బాగుండదు, ఒక రోజు గేటు తెరుచుకోగానే కాలు తడబడుతుంది, ఇంకో రోజు ముందున్న గుర్రాలు గోడ కట్టినట్టు నిలబడి దారి ఇవ్వవు. ఇవన్నీ దాటుకుని పది, పదిహేను, ఇరవై రేసులు వరుసగా గెలవడం అదృష్టంతో అయ్యే పని కాదు. పోటీ ఎంత తేలికైనా సరే.

అయితే ఓటమి లేని రికార్డు గుర్రం ఒక్కదాని సంపాదన కాదు. పరిగెత్తింది గుర్రమే గానీ, ఏ రేసులో దింపాలో, ఏ రేసుకు దూరంగా ఉంచాలో చూసుకున్నది ట్రైనర్, ఓనర్. రికార్డులో ఎవరి వాటా ఎంతో విడదీయడమే ఇక్కడ అసలు పని. ఇంకో వైపు నుంచి చూడండి. అమెరికా గుర్రం సెక్రటేరియట్ 21 రేసుల్లో 16 మాత్రమే గెలిచింది. 1973లో బెల్మాంట్ స్టేక్స్‌ను 31 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం ఒంటి పొడవు) తేడాతో గెలిచిన అదే గుర్రం, ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే ఆనియన్ అనే గుర్రం చేతిలో ఓడింది. దాని గొప్పతనాన్ని ఇవాళ ఎవరూ శంకించరు.

ఈ చర్చలో పెప్పర్స్ ప్రైడ్ పేరు ఎందుకు వస్తుంది?

ఈ ప్రశ్నకు అంతకంటే శుద్ధమైన ఉదాహరణ దొరకదు కాబట్టి. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో 2003లో పుట్టిన ఆడ గుర్రం అది. 2005 నుంచి 2008 వరకు 19 రేసులు పరిగెత్తింది, 19 గెలిచింది. పది లక్షల డాలర్లకు పైనే సంపాదించింది. అంతకు ముందు సైటేషన్, సిగార్ లాంటి మహామహులు వరుసగా 16 గెలిచి ఆగిపోయారు. ఆ సంఖ్యను దాటేసింది.

మెలిక ఏమిటంటే, ఆ 19 రేసులూ న్యూ మెక్సికోలోనే జరిగాయి, పోటీకి దిగినవన్నీ న్యూ మెక్సికోలో పుట్టిన గుర్రాలే. బయటి గుర్రాలకు ఆ రేసుల్లో ప్రవేశం లేదు. గుర్రాల పెంపకానికి పేరుపడ్డ కెంటకీలో పుట్టిన మంచి గుర్రం ఒక్కటి కూడా దాని పక్కన నిలబడలేదు. సిగార్ గెలిచిన 16లో మేటి గుర్రాలు దిగే బ్రీడర్స్ కప్ క్లాసిక్ ఉంది, మొట్టమొదటి దుబాయ్ వరల్డ్ కప్ ఉంది. సంఖ్యలు పక్కపక్కన రాస్తే 19 పెద్దది, 16 చిన్నది. గుర్రాలను పక్కపక్కన పెడితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

అంత బాగా పరిగెత్తే గుర్రాన్ని బయటికి ఎందుకు తీసుకెళ్లలేదు? ఓనర్‌కు భయమా?

భయమని తేల్చేయడం తేలిక, కానీ లెక్క అలా ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ గడ్డ మీద పుట్టిన గుర్రాలకే ప్రత్యేకంగా రేసులు పెడతాయి. స్థానికంగా గుర్రాలు పెంచే రైతులు నిలబడాలి, పందేల మీద వచ్చే డబ్బు రాష్ట్రంలోనే తిరగాలి అన్నది ఉద్దేశం. న్యూ మెక్సికోలో రేసుకోర్సుల్లోని స్లాట్ మెషీన్ల ఆదాయంలో కొంత వాటా రేసుల ప్రైజ్ మనీకి వెళ్తుంది. అందువల్ల అక్కడ స్థానిక గుర్రాల రేసులో వచ్చే బహుమతి తీసిపారేయదగ్గది కాదు.

ఇప్పుడు ఓనర్ కుర్చీలో మీరు కూర్చోండి. ఇంటి దగ్గర దాదాపు గెలుపు ఖాయమైన రేసు ఉంది, ప్రైజ్ మనీ బాగుంది. కాలిఫోర్నియాకో కెంటకీకో వెళ్తే ప్రయాణ ఖర్చు, కొత్త ట్రాక్, కొత్త నీళ్లు, పైగా గట్టి ప్రత్యర్థులు. ఎక్కువ దూరం ట్రక్కులో తల పైకి కట్టేసి నిలబెడితే గుర్రాలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. రేసులు మానేశాక పిల్లలు పెట్టాల్సిన ఆడ గుర్రం. మీరైతే ఏం చేస్తారు?

నా వరకు, ఓనర్ చేసింది తప్పు కాదు. కానీ తెలివైన నిర్ణయానికి ప్రతిఫలం డబ్బు రూపంలో అప్పటికే ముట్టింది. దానికి అదనంగా "ప్రపంచంలోనే గొప్ప గుర్రం" అనే బిరుదు కూడా అడిగితే, అది వేరే దుకాణంలో దొరికే సరుకు.

ప్రాంతీయ పోటీ బలహీనమైందని ముందే ఎలా అనేస్తాం?

అనకూడదు. చూసి తేల్చాలి. అమెరికా రేసులకు ఒక నిచ్చెన ఉంది. అట్టడుగున మెయిడెన్ రేసులు, అంటే ఒక్కసారీ గెలవని గుర్రాలకు. తర్వాత క్లెయిమింగ్ రేసులు. వీటిలో దిగిన ప్రతి గుర్రానికీ ఒక ధర ఉంటుంది, ఆ ధర కట్టి లైసెన్స్ ఉన్న ఎవరైనా దాన్ని కొనుక్కుపోవచ్చు. ఆ పైన అమ్మకపు ధర పెట్టని అలవెన్స్ రేసులు, ఆ పైన పెద్ద బహుమతుల స్టేక్స్. స్టేక్స్‌లో మేలైనవి గ్రేడ్ 3, గ్రేడ్ 2, గ్రేడ్ 1. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో దీన్నే గ్రూప్ అంటారు. మీ గుర్రం గెలిచిన రేసులు ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీద ఉన్నాయన్నది మొదటి సంగతి.

రెండోది ఇంకా ముఖ్యం. దాని చేతిలో ఓడిన గుర్రాలు వేరే చోట ఏం చేశాయి? గుర్రాన్ని తూచే తక్కెడలో రెండో పళ్లెం ఇదే. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఎక్సెలబ్రేషన్. ఇంగ్లండ్‌లో, ఒక్కసారీ ఓడని ఫ్రాంకెల్ అనే గుర్రం చేతిలో ఇది అయిదు సార్లు ఓడింది. 2011లో మూడుసార్లు, 2012లో లాకింజ్ స్టేక్స్‌లో అయిదు లెంగ్త్‌ల తేడాతో, క్వీన్ యాన్ స్టేక్స్‌లో ఏకంగా పదకొండు లెంగ్త్‌ల తేడాతో. ఈ అయిదే చూస్తే "పాపం, మామూలు గుర్రం" అనిపిస్తుంది. ఫ్రాంకెల్ లేని రేసుల్లో చూడండి. జర్మనీ వెళ్లి అక్కడి టూ థౌజండ్ గినీస్‌ను ఏడు లెంగ్త్‌లతో గెలిచింది. ఫ్రాన్స్‌లో ప్రి ద్యు మూలాన్, మరుసటి ఏడాది ప్రి జాక్ ల మరువా. ఆపైన ఆస్కాట్‌లో క్వీన్ ఎలిజబెత్ టూ స్టేక్స్. చివరి మూడూ గ్రూప్ 1 రేసులు. అంటే ఫ్రాంకెల్ పదకొండు లెంగ్త్‌ల వెనక వదిలేసింది యూరప్‌లో మైలు దూరానికి రెండో మేటి గుర్రాన్ని.

ఫ్రాంకెల్ మొట్టమొదటి రేసు ఇంకా సరదా. 2010 ఆగస్టులో న్యూమార్కెట్‌లో అర లెంగ్త్ తేడాతో గెలిచింది. చూసినవాళ్లకు పెద్ద గెలుపులా అనిపించి ఉండదు. రెండో స్థానంలో వచ్చిన నథానియల్ మరుసటి ఏడాది కింగ్ జార్జ్ అనే పెద్ద రేసు గెలిచే దాకా ఆ అర లెంగ్త్ విలువ ఎవరికీ తెలియదు.

ప్రాంతీయ వీరుల విషయంలో ఈ పరీక్షే చిక్కు తెస్తుంది. వాటి చేతిలో ఓడినవి కూడా ఊరు దాటవు. అన్నీ ఒకే చెరువులో ఈదుతుంటే చెరువు లోతు ఎవరు చెప్తారు? అలాంటప్పుడు ఓడిన వాటిలో ఏ ఒక్కటైనా బయటికి వెళ్లిందేమో వెతకాలి. మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో వచ్చిన గుర్రం పక్క రాష్ట్రంలో ఒక చిన్న స్టేక్స్ గెలిచినా సరే, తాడుకు ఒక కొస దొరికినట్టే.

ఇంత గోల ఎందుకు? టైమ్ చూస్తే సరిపోదా?

గడియారం అబద్ధం చెప్పదంటారు. గుర్రప్పందేల్లో మాత్రం అది సగం నిజమే చెప్తుంది. ఒక ట్రాక్ గట్టిగా ఉంటుంది, ఇంకోటి మెత్తగా. నిన్న వాన పడితే ఇవాళ్టి టైమ్ మారిపోతుంది. పచ్చిక వేరు, మట్టి వేరు, సింథటిక్ వేరు. అమెరికాలో అయితే గేటు తెరవగానే గడియారం మొదలవదు. గుర్రాలు కొంత దూరం పరిగెత్తాక మొదలవుతుంది, ఆ కొంత దూరం ట్రాక్‌ను బట్టి మారుతుంది. కాబట్టి రెండు ఊళ్ల టైమ్‌లు పక్కన పెట్టి పోల్చడం కుదరదు.

దీనికి విరుగుడుగా స్పీడ్ ఫిగర్లు వచ్చాయి. ఆ రోజు ఆ ట్రాక్ మీద జరిగిన మిగతా రేసులన్నీ చూసి, ట్రాక్ ఎంత వేగంగా ఉందో అంచనా కట్టి, దాన్ని సరిచేసి ఒక అంకె ఇస్తారు. అమెరికాలో ఆండ్రూ బేయర్ పేరు మీద నడిచే అంకెలు అందరికీ తెలిసినవే. 2022లో ఫ్లైట్‌లైన్ పసిఫిక్ క్లాసిక్‌ను 19 లెంగ్త్‌లకు పైగా తేడాతో గెలిచినప్పుడు 126 వచ్చింది. వందకు పైన వస్తేనే చాలా గట్టి గుర్రం కింద లెక్క. ప్రాంతీయ గుర్రానికి ఇది నిజంగా పనికొచ్చే సాయం. ఎవరితో పరిగెత్తినా, ఎంత వేగంగా పరిగెత్తిందో కొంతవరకు తెలుస్తుంది.

కానీ ఒక జాగ్రత్త. ఎవరూ వెంటపడకుండా, ముందు హాయిగా ఒంటరిగా పరిగెత్తి తెచ్చుకున్న అంకె ఒక రకం. మొదటి ఫర్లాంగు నుంచీ పక్కన ఒక గుర్రం భుజం రాసుకుంటూ వస్తుంటే తెచ్చుకున్న అదే అంకె ఇంకో రకం. బలహీన పోటీలో మొదటి రకం ఎక్కువ. ఒత్తిడి పడితే గుర్రం ఏం చేస్తుందో అంకెల్లో కనబడదు.

భారీ తేడాతో గెలవడం కన్నా ముక్కు తేడాతో గెలవడం తక్కువా?

ఎప్పుడూ తక్కువని కాదు. బ్లాక్ కేవియర్ కథ ఇందుకే చెప్పుకోవాలి.

ఆస్ట్రేలియాకు చెందిన ఈ ఆడ గుర్రం 25 రేసులు పరిగెత్తి 25 గెలిచింది, అందులో 15 గ్రూప్ 1. అన్నీ తక్కువ దూరాలే, వెయ్యి నుంచి 1400 మీటర్ల లోపు. ఇంటి దగ్గర దాన్ని చూస్తే రేసు చూసినట్టు ఉండదు. జాకీ లూక్ నోలెన్ చేతులు కదపకుండా కూర్చుంటాడు, మిగతా గుర్రాల జాకీలు కొరడాలు ఝళిపిస్తుంటారు, దూరం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. "ఆస్ట్రేలియాలో ఎవరున్నారని?" అన్నవాళ్లూ లేకపోలేదు. నిజానికి స్ప్రింట్ రేసుల్లో ఆ రోజుల్లో ప్రపంచంలోనే గట్టి దేశం ఆస్ట్రేలియా.

2012 జూన్‌లో దాన్ని ఇంగ్లండ్‌లో రాయల్ ఆస్కాట్ పందేలకు తీసుకెళ్లారు. ఒంటికి బిగుతైన సూట్ తొడిగి విమానం ఎక్కించారు. డైమండ్ జూబిలీ స్టేక్స్, ఎలిజబెత్ రాణి కూడా చూస్తోంది. చివరి ఫర్లాంగులో బ్లాక్ కేవియర్ ముందుకొచ్చింది గానీ ఎప్పటిలా దూరం పెరగలేదు. ఇక అయిపోయిందనుకుని, గీత ఇంకా కొన్ని గజాలుండగానే నోలెన్ చేతులు దించేశాడు. గుర్రం వేగం తగ్గింది. పక్క నుంచి ఫ్రాన్స్ గుర్రాలు మూన్‌లైట్ క్లౌడ్, రెస్టియాదార్జాన్ దూసుకొచ్చాయి. నోలెన్ ఉలిక్కిపడి మళ్లీ తోయడం మొదలుపెట్టాడు. ఫోటో ఫినిష్. తల తేడాతో గెలుపు. తర్వాత పరీక్ష చేస్తే కండరాలు చిట్లి ఉన్నాయని తేలింది.

నన్నడిగితే ఆ 25 గెలుపుల్లో అత్యంత విలువైనది ఆ తల తేడా గెలుపే. ఊరు కాని ఊరు, ఒళ్లు బాగాలేదు, జాకీ పొరపాటు చేశాడు, అయినా గెలిచింది. సొంతగడ్డ మీద ఆరు లెంగ్త్‌ల గెలుపు ఆ గుర్రం వేగం చూపిస్తే, ఈ గెలుపు దాని గుండె చూపించింది.

బయటికి వెళ్లి ఓడితే, ఇంటి దగ్గర గెలిచినవన్నీ ఉత్తవేనా?

ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. రెండు గుర్రాల కథ చెప్తాను.

మిస్టర్ ఫ్రిస్కీ ప్యూర్టో రికోలో 13 రేసులు గెలిచి కాలిఫోర్నియా వచ్చింది. "ద్వీపంలో గెలిచింది, ఇక్కడ చూద్దాం" అన్నారు. వచ్చాక మరో మూడు గెలిచింది, అందులో శాంటా అనితా డెర్బీ ఉంది. మొత్తం 16కు 16. 1990 కెంటకీ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎనిమిదో స్థానంలో వచ్చింది. "చూశారా, నీటి బుడగ" అని నవ్వారు. రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ రేసులో మూడో స్థానం. ఆ తర్వాత గానీ గొంతులో గడ్డ ఉందని బయటపడలేదు. ఊపిరి సరిగా ఆడని గుర్రం ఓడితే దాన్ని పోటీ స్థాయికి అంటగట్టడం ఎంతవరకు న్యాయం?

రెండోది ఇన్వాసోర్. ఉరుగ్వేలో అయిదుకు అయిదు గెలిచింది, అక్కడి ట్రిపుల్ క్రౌన్ (మూడు పెద్ద రేసులూ గెలిస్తే వచ్చే ఘనత) కూడా దానిదే. 2006లో దుబాయ్ వెళ్లి యూఏఈ డెర్బీలో నాలుగో స్థానంలో వచ్చింది. ఉరుగ్వే రేసుల స్థాయి ఇంతే అని అక్కడితో పుస్తకం మూసేసినవాళ్లు ఉండే ఉంటారు. అదే ఏడాది అమెరికాలో నాలుగు పెద్ద రేసులు గెలిచింది, చివరిది బ్రీడర్స్ కప్ క్లాసిక్. మరుసటి ఏడాది అదే దుబాయ్‌లో వరల్డ్ కప్. మొత్తం 12 రేసుల్లో ఓడింది ఆ ఒక్కటే. మొదటి ప్రయాణంలో ఓడిన గుర్రానికి రెండో అవకాశం ఇచ్చాకే మాట్లాడాలని నేను నేర్చుకున్నది ఈ గుర్రం దగ్గరే.

ఫ్రాంకెల్ కూడా ఇంగ్లండ్ దాటలేదు కదా? దాన్నెందుకు ఒక్క మాట అనరు?

అన్నారు, బాగానే అన్నారు. 14కు 14 గెలిచిన ఆ గుర్రం ఒక్కసారి కూడా సముద్రం దాటలేదు. అమెరికా మట్టి మీద పరిగెత్తలేదు, పారిస్‌లో ఆర్క్ అనే పెద్ద రేసుకు వెళ్లలేదు. వాళ్ల ఫిర్యాదులో కొంత పస ఉంది.

అయితే ప్రాంతం అన్న మాటకు అన్ని చోట్లా ఒకే బరువు ఉండదు. న్యూ మెక్సికో స్థానిక గుర్రాల రేసు తలుపు వేసిన గది. ఆస్కాట్, యార్క్, న్యూమార్కెట్‌లో పెద్ద రేసుల తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. ఐర్లండ్, ఫ్రాన్స్, ఎక్కడి నుంచైనా రావచ్చు, వస్తారు కూడా. ఫ్రాంకెల్ చివరి రేసు 2012 ఛాంపియన్ స్టేక్స్. నేల మెత్తగా ఉంది, అది ఫ్రాంకెల్‌కు నచ్చే నేల కాదు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన సిరుస్ దెజేగ్ల్‌కు మాత్రం అలాంటి బురద నేలంటే ప్రాణం. దాన్నీ ఓడించే వెళ్లిపోయింది. ప్రపంచమే ఇంటికి వస్తుంటే ఇల్లు కదలకపోవడం పెద్ద లోటు కాదు. ఎవరూ రాలేని ఇంట్లో కూర్చోవడమే లోటు.

జెన్యాటా ఓడింది, పెప్పర్స్ ప్రైడ్ ఓడలేదు. ఏది గొప్ప?

రెండూ ఒక దశలో 19కి 19. అమెరికా ఆడ గుర్రం జెన్యాటాను కూడా చాలాకాలం ప్రాంతీయ గుర్రమనే ఎత్తిపొడిచారు. మొత్తం 20 రేసుల్లో 17 కాలిఫోర్నియాలోనే, ఎక్కువగా సింథటిక్ ట్రాక్‌ల మీద, చాలా వరకు ఆడ గుర్రాలతోనే. 2009లో మగ గుర్రాలను ఓడించి బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచిన మొదటి ఆడ గుర్రమైంది. "అది కూడా సొంత రాష్ట్రంలో, శాంటా అనితాలోనే కదా" అన్నారు.

అందుకే 2010 నవంబరులో కెంటకీకి, చర్చిల్ డౌన్స్ మట్టి మీదికి తీసుకొచ్చారు. రాత్రి, లైట్ల వెలుగులో రేసు. మొదట్లో మిగతా గుంపు నుంచి విడిపోయి అంత వెనక పడింది, ఏదో అయిందనే అనుకున్నారు జనం. చివరి మలుపు తిరిగాక జాకీ మైక్ స్మిత్ దాన్ని బయటికి లాగాడు. ఒక్కో గుర్రాన్నీ దాటుకుంటూ వచ్చింది. బ్లేమ్ అనే గుర్రం ఒక్కటే మిగిలింది. గీత ఇంకో రెండు అంగల దూరంలో ఉంటే దొరికేదే. తల తేడాతో ఓడింది. తప్పు తనదేనని స్మిత్ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఆ ఏడాది అమెరికా హార్స్ ఆఫ్ ద ఇయర్ బిరుదు ఓడిన జెన్యాటాకే వచ్చింది. సరైన పనే చేశారనుకుంటాను. పెప్పర్స్ ప్రైడ్ 19 గెలుపుల కన్నా జెన్యాటా ఆ ఒక్క ఓటమిలోనే మనకు ఎక్కువ చెప్పింది.

వరుస విజయాల సంఖ్యకు అసలు విలువ లేదా?

ఉంది, నిలకడకు కొలతగా. ప్యూర్టో రికోలో కామరేరో 1953 నుంచి 1955 వరకు వరుసగా 56 గెలిచింది. అమెరికాలో ర్యాపిడ్ రీడక్స్‌ను ఒక క్లెయిమింగ్ రేసులో 6,250 డాలర్లకు కొనుక్కున్నారు; అది చిన్నాచితకా రేసుల్లో వరుసగా 22 గెలిచింది, దానికి ప్రత్యేక అవార్డు కూడా ఇచ్చారు. దాన్ని ఎవరూ సెక్రటేరియట్‌తో పోల్చలేదు, పోల్చాల్సిన పనీ లేదు. అందరికీ దాని మీద ముద్దే. బిరుదుల గొడవ లేకుండా గుర్రాన్ని మెచ్చుకోవచ్చని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

పాతకాలం గుర్రాల సంగతేంటి?

పోలిక దాదాపు అసాధ్యం. 18వ శతాబ్దపు ఎక్లిప్స్ 18కి 18 గెలిచింది, కానీ అప్పటి రేసులు నాలుగేసి మైళ్లు, ఒకే రోజు రెండు మూడు విడతలు. ఆ ఆటే వేరు.

కిన్‌చెమ్ మాత్రం ఇక్కడ చెప్పుకోదగ్గది. హంగరీ ఆడ గుర్రం, 1874లో పుట్టింది, పేరుకు "నా బంగారం" అని అర్థం. 54 రేసులు, 54 గెలుపులు. ఆ కాలంలో హంగరీ రేసులంటే ఇంగ్లండ్ వాళ్లకు చిన్నచూపు. ఓనర్ దాన్ని రైలెక్కించి దేశాలు తిప్పాడు. జర్మనీలో బాడెన్ పెద్ద రేసును మూడేళ్లు వరుసగా గెలిచింది. 1878లో ఇంగ్లండ్ వెళ్లి గుడ్‌వుడ్ కప్, ఆ వెంటనే ఫ్రాన్స్‌లో దోవిల్ పెద్ద రేసు. తోడు పిల్లి లేకపోతే రైలెక్కేది కాదని కథలు చెప్పుకుంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాటకు నాలుగు కాళ్లతో నిలబడ్డ సాక్ష్యం.

ఇటలీ గుర్రం రిబో కూడా ఆ కోవలోదే. చిన్నప్పుడు పొట్టిగా ఉందని ఇటలీ క్లాసిక్ రేసులకు పేరు కూడా ఇవ్వలేదు. అలాంటిది 1955, 1956ల్లో రెండుసార్లు ఆర్క్, మధ్యలో ఇంగ్లండ్‌లో కింగ్ జార్జ్ గెలిచి 16కు 16తో ముగించింది. విదేశాల్లో పరిగెత్తింది ఆ మూడే రేసులు. మిగతా 13 ఇటలీవి. ఆ మూడు లేకపోతే ఆ 13 గురించి ఇవాళ ఎవరు మాట్లాడేవారు?

రేటింగ్‌లు నమ్మొచ్చా?

నమ్మొచ్చు, దేవుడి వాక్కులా మాత్రం కాదు. టైమ్‌ఫామ్ అనే బ్రిటిష్ సంస్థ లెక్కలో ఫ్రాంకెల్‌ది 147, 1965 నాటి సీ బర్డ్‌ది 145, బ్లాక్ కేవియర్‌ది 136. ఇవి బరువు కొలిచే పౌండ్ల లెక్కలు. ఎవరిని ఎంత తేడాతో ఓడించింది, ఎంత బరువు మోసింది అన్న వాటి నుంచి కడతారు. ప్రత్యర్థుల రేటింగ్ సరిగా ఉంటేనే మీ గుర్రం రేటింగ్ సరిగా ఉంటుంది. చుట్టూ ఉన్న గుర్రాలన్నీ ఒకే ప్రాంతానివైతే ఆ లెక్కకు పునాది వదులవుతుంది.

నిపుణులు కూడా మనసు మార్చుకుంటారు. అంతర్జాతీయ రేటింగ్‌లలో 1986 నాటి డాన్సింగ్ బ్రేవ్‌కు 141 ఉండేది. ఫ్రాంకెల్‌కు 140 ఇచ్చాక, 2013 జనవరిలో పాత లెక్కలన్నీ తిరగేసి డాన్సింగ్ బ్రేవ్‌ను 138కి దించారు. చనిపోయి పదేళ్లు దాటిన గుర్రానికి మూడు పాయింట్లు కోత!

మోసిన బరువు లెక్కలోకి తీసుకోవాలా?

తప్పకుండా. హ్యాండిక్యాప్ రేసుల్లో మేటి గుర్రం మీద ఎక్కువ బరువు వేసి అందరినీ సమానం చేయాలని చూస్తారు. ఫార్ ల్యాప్ 1930లో 62 కిలోలకు పైగా మోస్తూ మెల్‌బోర్న్ కప్ గెలిచింది. మరుసటి ఏడాది 68 కిలోలు వేస్తే ఎనిమిదో స్థానం. గుర్రం అదే. మీ ప్రాంతీయ వీరుడు ప్రత్యర్థుల కన్నా బాగా ఎక్కువ బరువు మోసి గెలిచిందంటే, బలహీన పోటీ అన్న విమర్శకు కొంత జవాబు అక్కడే ఉంది.

దాని పిల్లలు బాగా పరిగెత్తితే అది గొప్పదైనట్టేనా?

అది వేరే ఖాతా. ఓటమి లేని ఇటలీ గుర్రం నియార్కో సంతతి ఇవాళ ప్రపంచమంతా ఉంది. అయినా ఆ గుర్రం గొప్పతనానికి సాక్ష్యం 1938లో ఇటలీ దాటి వెళ్లి పారిస్ పెద్ద రేసు గెలవడం. మనవల ఘనత తాతకు పంచిపెట్టడం మనకు అలవాటే గానీ, రేసు రికార్డు తూచేటప్పుడు అది పక్కన పెట్టాలి.

పెప్పర్స్ ప్రైడ్ బయటికి వెళ్లి ఉంటే గెలిచేదా?

అందరూ చివరికి అడిగేది ఇదే. నా ఊహ చెప్తాను, ఊహ కిందే తీసుకోండి. తక్కువ దూరాల గ్రేడ్ 3 ఆడ గుర్రాల రేసుల్లో మర్యాదగా నిలబడేది, ఒకటో రెండో గెలిచేది కూడా. గ్రేడ్ 1లో ఓడేది. 19 రేసుల్లో ఒక్క రోజు కూడా చెడ్డ రోజు లేని గుర్రానికి కాళ్లతో పాటు బుర్ర కూడా ఉన్నట్టే. ఏ ట్రాక్‌కు వెళ్లినా ఆ గుణం వెంట వచ్చేది. దాని పక్కన పరిగెత్తే గుర్రాలే మారిపోయేవి.